గ్రాఫిక్స్ కార్డుకు మూడు బొట్లు

మార్కాపురంలో ముప్పై ఏళ్ళకు పైగా మరమ్మతు బల్ల ముందు కూర్చున్నాను. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. బల్ల మీదికొచ్చే వస్తువులు మారాయి గానీ నా స్టూలు మారలేదు. పోయినేడు పని మానుకుని ఇంటిపట్టున ఉంటున్నప్పటి నుంచి, ఇప్పుడు కౌంటర్ల మీద పని చేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "మామా, నీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" అని అడుగుతుంటారు. పిడుగు పడ్డ టీవీని బతికించిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. అది ఇప్పటికి చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ పిడుగు కొంచెం పెద్దదవుతూ వచ్చింది కూడా. అందుకని ఈసారి నా పరువు తీసిన కేసు చెబుతాను. వారంటీ ఫారాలు నింపేవాళ్ళు కాస్త శ్రద్ధగా వినండి.

నేను చివరిదాకా పని చేసిన దుకాణం ఒక శెట్టి గారిది. ఆయనకు ఒక గుణం ఉండేది. వచ్చినవాళ్ళ ముందు నన్ను ఆకాశానికెత్తేవారు. "మా భాయ్ ముట్టుకుంటే చాలు, చెడిపోయింది గూడా సిగ్గుపడి పని చేస్తాది" అనేవారు. అన్ని పొగడ్తలు విన్నాక జీతం పెంచమని అడగడానికి నాకు నోరొచ్చేది కాదు. అందుకే పొగిడేవారేమో అని రిటైరయ్యాక గానీ నాకు తట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే దుకాణం తెరవగానే ఒక కుర్రాడు, వాడి వెనకే ఒక ముసలామె వచ్చారు. కుర్రాడు నాకు తెలిసినవాడే. అర్ధవీడు దిక్కు పల్లె వాడు. మార్కాపురంలో చిన్న ఫోటో స్టూడియో పెట్టుకుని పెళ్ళి వీడియోలు తీసేవాడు. వాడి పాత కంప్యూటరు ఒక పెళ్ళి వీడియో కలపడానికి రెండు పగళ్ళు తీసుకునేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మాంగల్యధారణ నుంచి మొదలు, అలా ఒక్కో వీడియోకు నెల పట్టేది. పక్క స్టూడియోల వాళ్ళు వారంలో ఇచ్చేస్తుంటే వీడి గిరాకీలు ఒక్కొక్కరే జారిపోతున్నారు. మంచి గ్రాఫిక్స్ కార్డు వేసుకుంటే తప్ప నిలబడలేనని నన్నే ఎన్నోసార్లు సలహా అడిగాడు. వెంట వచ్చిన ముసలామె వాడి అవ్వ. చిన్నప్పటి నుంచి వాడిని పెంచింది ఆమే. మందలో సగం మేకలు అమ్మి, ఆ సొమ్ము కొంగున కట్టుకుని వచ్చింది.

నేను బిల్లు రాయడానికి కూర్చున్నాను. "పేరెవరిది రాయాల?" అని అడిగాను.

"మా అవ్వ పేరు రాయి మామా. సొమ్ము ఆమెది. చెయ్యి గూడా మంచిది" అన్నాడు కుర్రాడు.

"ఫోన్ నంబరు?"

"అదీ ఆమెదే ఎయ్యి. నా సిమ్ము నెలకొకటి మారుస్తా ఉంటా."

రాసేశాను. మా దిక్కు ఇది మామూలే. ట్రాక్టరు భార్య పేరు మీద, బోరు మోటారు కూతురి పేరు మీద, ఎవరి చెయ్యి మంచిదైతే వాళ్ళ పేరు మీద కొంటాం. బిల్లు మీద ఉండాల్సింది అదృష్టవంతుల పేరు కాదు, కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడగలిగినవాళ్ళ పేరు అని ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న నాకు తెలియాలి. ఆ పూట తట్టలేదు.

అవ్వ కార్డును బయటికి తీయించి అటూ ఇటూ తిప్పించి చూసింది. "ఈ పలకకేనా నా మేకలు పోయింది?" అంది. తర్వాత శెట్టి గారి దేవుడి పటాల దగ్గరికి పోయి చిటికెడు పసుపు అరచేతిలో వేసుకుని రెండు చుక్కల నీళ్ళు పోసి కలిపింది.

"అవ్వా, బొట్టు పైన అట్టపెట్టెకు పెడదాంలే" అన్నాను.

"పని చేసేది పెట్టెనా, పలకనా?"

వద్దనడానికి నేనెవరిని? మా దుకాణం నుంచి బొట్టు లేకుండా బయటికి పోయిన యంత్రం లేదు. దసరా నాడు శెట్టి గారు పూజలో కూర్చుంటే, నమాజు చదువుకుని వచ్చి నూరు కంప్యూటర్లకు వరసగా పసుపు రాసిన చెయ్యి నాది. కాకపోతే అన్నీ పైడబ్బాల మీదే. అందుకని జాగ్రత్తపడి, కార్డును బోర్లించి, వెనకవైపు ఇనప రేకు ఆమె ముందు పెట్టాను. లోపలికి నీరు పోకుండా వేలు అద్దమన్నాను. ఆమె శ్రద్ధగా మూడు బొట్లు పెట్టింది. ఆరాక గుడ్డతో తుడిచాను గానీ పసుపు అంత తేలిగ్గా వదలదు కదా. మూడు మరకలు లేతగా మిగిలాయి.

నాలుగు నెలలు కార్డు బ్రహ్మాండంగా పని చేసింది. కుర్రాడు ఎదురైనప్పుడల్లా మిఠాయి తినమనేవాడు. ఐదో నెలలో, సరిగ్గా ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు, ఒకరోజు కంప్యూటరు డబ్బాను చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు. గిద్దలూరు పెళ్ళి వీడియో కలుపుతుంటే తెర నిండా ఆకుపచ్చ చదరాలు వస్తున్నాయట. పెళ్ళికొడుకు బాగానే ఉన్నాడు గానీ, పెళ్ళికూతురి మొహం మాత్రం గళ్ళ లుంగీలాగా కనబడుతోంది. తీగలు మార్చాను, దుమ్ము దులిపాను, కార్డును వేరే డబ్బాలో పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా ఆవిడకు గళ్ళు తప్పలేదు. కార్డు లోపలే ఏదో చెడిపోయింది. దానికి మూడేళ్ళ వారంటీ ఉంది కాబట్టి నేను ధీమాగానే ఉన్నాను.

కుర్రాడికి ఆ ధీమా లేదు. గిద్దలూరు వాళ్ళు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు, ఒప్పుకున్న రెండు పెళ్ళిళ్ళు చేయి జారాయి. "ఈ కార్డు గానీ, డబ్బులు గానీ తిరిగి రాకపోతే షట్టరు దించి బెంగుళూరికి ఇటుకలు మోసే బేల్దారి పనికి పోతా మామా. అవ్వ మేకల్ని మళ్ళా అమ్మించే మొగం నాకు లేదు" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు చాలా బాధ వేసింది. ఎలాగైనా ఈ పని సాధించాలనుకున్నాను. తెలివి ఎక్కువైంది కూడా అప్పుడే.

కార్డుతోపాటు కంపెనీకి పంపే ఫారంలో ఒక గడి ఉంటుంది. వస్తువు మీద మరకలేమైనా ఉంటే వాటికి కారణం రాయాలి. నేను పెన్ను పట్టుకుని ఆలోచించాను. పసుపు నీళ్ళు అని రాస్తే, నీళ్ళు పోశారంటూ వారంటీ కొట్టేస్తారు. అందుకని గుండ్రటి అక్షరాలతో 'తెలియదు' అని రాశాను. ఎంత లౌక్యంగా రాశానో అని నాలో నేనే మురిసిపోయి ఒక టీ కూడా తాగాను.

పది రోజులకు జవాబు వచ్చింది. గుర్తు తెలియని ద్రవం పడిన ఆనవాళ్ళు ఉన్నందున వారంటీ వర్తించదట. శెట్టి గారు ఫోన్లో వీధి చివరిదాకా వినబడేలా అరిచారు. ఆ ధాటికి వాళ్ళు కొంచెం తగ్గి, మళ్ళీ విచారిస్తాం, కొన్నవారితో ఒకసారి మాట్లాడతాం అన్నారు. కొన్నవారంటే అవ్వ. ఆ సంగతి మాకు గుర్తొచ్చేలోపే వాళ్ళు ఫోన్ చేసేశారు. ఏం మాట్లాడావని అడిగితే అవ్వే చెప్పింది.

"ఎవరో ఆడపిల్ల. రోజుకు ఎన్ని గంటలు వాడతారు మేడమ్ అనె. నాకేం తెలుసు, నేను మేకల కాడ ఉండా, అవి చేల్లో పడతాండాయి, మాపుటికి చెయ్యి తల్లీ అని పెట్టేసినా. తప్పా?"

తప్పేం లేదు. కానీ 'వినియోగదారుకు ఆసక్తి లేదు' అని రాసుకుని కంపెనీ వాళ్ళు ఫిర్యాదు మూసేశారు. శెట్టి గారు మళ్ళీ అరిచి దాన్ని తెరిపించాల్సి వచ్చింది. ఈసారి వాళ్ళొక మెలిక పెట్టారు. కొన్న మనిషి బిల్లు, ఆధార్ పట్టుకుని విజయవాడ సర్వీసు సెంటరుకు స్వయంగా రావాలన్నారు. కుర్రాడికి ఆ రోజు కంభంలో పెళ్ళి ఉంది, అద్దె కెమెరాతో ఫోటోలు తీయడానికి ఒప్పుకున్నాడు. అందుకని అవ్వను తీసుకుపోయే బాధ్యత నా మీద పడింది.

ముందురోజు అవ్వను దుకాణానికి పిలిపించి స్టూలు మీద కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చాను. సర్వీసు సెంటరు ఆడపిల్లగా గొంతు సన్నం చేసుకుని నేనే ప్రశ్నలు వేశాను. శెట్టి గారు లెక్కల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మేడమ్, మీ కార్డు సమస్య ఏమిటండీ?"

"పెండ్లికూతురి మొగానికి గళ్ళు పడతాండాయి."

"బాగుంది అవ్వా. ఇప్పుడు చూడు. మేడమ్, ఈ మరకలు ఎలా వచ్చాయండీ?"

"నేనే పెట్టినా."

"అట్లనగూడదు అవ్వా. తెలీదు అనాల."

"నేనే గదా పెట్టింది? నువ్వే గదా పట్టుకున్యావు?"

"నిజమేలే. అయినా తెలీదను. ఒక్క మాట. నీ మనవడి కోసరం."

అవ్వ కాసేపు నా మొహం చూసి, "సరేలే" అంది. ఆ సరేలే నాకు ఒప్పుకున్నట్టే వినబడింది. సాయంత్రం ఇంటికి పోయి ఈ తర్ఫీదు సంగతి గొప్పగా చెబితే మా ఇంటావిడ కూరగిన్నె ఠప్పున కింద పెట్టి, "బుడ్డీకు ఝూట్ సికారే క్యా?" అంది. ముసలామెకు అబద్ధం నేర్పుతున్నావా అని. వ్యాపారంలో ఇవన్నీ మామూలేనని ఆవిడకు సర్దిచెప్పాను.

తెల్లవారి మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాం. అవ్వ ముతక చీర మార్చి, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని వచ్చింది. మూటలో సద్దన్నం, చేతిలో ఆధార్ కార్డు. ఆ కార్డును విజయవాడ దాకా కిందపెట్టలేదు.

సర్వీసు సెంటరులో టోకెన్ తీసుకుని కూర్చున్నాం. ఏసీ చలికి అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. మా వంతు వచ్చాక కౌంటరులో ఉన్న అమ్మాయి కార్డును బల్ల మీద పెట్టి, బిల్లు మీద పేరు, ఆధార్ మీద పేరు సరిచూసుకుంది. ఆ తర్వాత అవ్వ మొహం చూసి, బిల్లు మళ్ళీ చూసింది. వాళ్ళ దగ్గరికి ఈ కార్డులు తీసుకుని వచ్చేదంతా రంగుల జుట్టు కుర్రాళ్ళు. ఎనభై ఏళ్ళ అవ్వ రావడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

"కార్డు మీదేనా అమ్మా?"

"నాదే తల్లీ."

"మరి ఈ మరకలు ఎలా పడ్డాయి?"

అవ్వ నా వైపు చూడలేదు.

"నేనే పెట్టినా. పసుపు బొట్లు. మూడు."

కుర్రాడి స్టూడియో షట్టరు దిగిపోయినట్టే కనబడింది. ఏదో ఒకటి చేయాలి. ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ అమ్మాయి వైపు వంగి, గొంతు తగ్గించి, "పెద్దావిడ అమ్మా, మతి నిలకడ లేదు. ఏదేదో చెబుతుంటుంది, పట్టించుకోవద్దు" అన్నాను.

గొంతు సరిపడా తగ్గలేదు. అవ్వ తల నా వైపు తిరిగింది.

"ఎవురికి మతి లేదు?"

అవ్వ కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ఆ అమ్మాయితో మొదలుపెట్టింది. "ఇను తల్లీ. ఈ పలక కొనేదానికి పన్నెండు మేకలు అమ్మినా. అందులో రెండు సూడివి. ఒకదానికి ఎడమ చెవి కొస తెగి ఉండె. బుధవారం సంతకు తోలుకపోతే తర్లుబాడు ఆయప్ప కొన్న్యాడు. శుక్రవారం పొద్దున పలక కొన్యాం. ఇంత పసుపు, రెండు సుక్కల నీళ్ళు. వీపున ఈడ, ఈడ, ఈడ. ఈయప్పే బోర్లించి పట్టుకున్యాడు, గుడ్డతో తుడిసింది గూడా ఈయప్పే. ఆపొద్దు కాడ నుంచి నా మనవడు తొమ్మిది పెండ్లిండ్లు కలిపినాడు. పదోది గిద్దలూరు పెండ్లి. అందులో వచ్చినాయి గళ్ళు. నీళ్ళకు చెడిపోయేదైతే ఆపొద్దే చెడిపోవాల గదా? నాలుగు నెల్లు ఎట్ల పని చేసె?"

ఆ అమ్మాయి రాసుకోవడం ఆపేసి వింటోంది. వెనక టోకెన్లు పట్టుకున్న కుర్రాళ్ళు కూడా లేచి దగ్గరికొచ్చారు. అవ్వ ఇంకా ముగించలేదు.

"నేను అమ్మిన మేక మూణ్ణాళ్ళకు మేత ముట్టలేదని తోలుకొస్తే, మారు మాట్లాడకుండా సొమ్ము తిరిగిస్తా. నువ్వేం పెట్టినావని కొన్నోళ్ళను అడగను. నా కాడ ఉన్న్యప్పుడే రోగం ఉందేమో అని చూసుకుంటా. మీరు గూడా చూడండి."

అమ్మాయి లోపలికి వెళ్ళి ఇంజనీరును పిలుచుకొచ్చింది. చిన్నవాడే, కళ్ళజోడు పెట్టుకున్నాడు. భూతద్దంతో మరకలు చూశాడు. "ఇది పసుపా? వెనక రేకు మీదే పెట్టారా?" అని అవ్వను రెండుసార్లు అడిగాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. అతను నా ఫారం తీసి చదివాడు.

"ఇక్కడ తెలియదు అని ఎందుకు రాశారు? గుర్తు తెలియని ద్రవం అయితే మేము అసలు విప్పి చూడం. నేరుగా తిరస్కరణే. ఏం పడిందో, ఎక్కడ పడిందో రాసుంటే ఆ రోజే విప్పి చూసేవాళ్ళం. ఈ ఫారం నింపింది ఎవరు?"

మార్కాపురం నుంచి వచ్చింది ఇద్దరం. అందులో ఒకరికి చదువు రాదు. "నేనే" అన్నాను.

"మీరేం చేస్తుంటారు?"

"ముప్పై ఏళ్ళుగా ఇదే పని" అన్నాను. ఆ మాట జీవితంలో అంత మెల్లగా ఎప్పుడూ అనలేదు.

అతను కార్డును లోపలికి తీసుకుపోయాడు. అరగంటకు వచ్చి, రేకు కింద తడి చేరలేదని, లోపలి మెమరీ చిప్పు దానంతట అదే పోయిందని, వారంటీ వర్తిస్తుందని చెప్పాడు. అదే రకం కార్డు ఇప్పుడు తయారు కావడం లేదట. దానికి బదులు బాగుచేసిన వేరేది ఇస్తాం, లేకపోతే డబ్బు వాపసు ఇస్తాం, ఏది కావాలన్నాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ, "ఒకరింట్లో చెడిపోయి వచ్చింది నాకొద్దు. సొమ్మే ఇయ్యండి" అంది. ఆ అమ్మాయి కొత్త ఫారం నింపింది. మరకల గడిలో 'పసుపు, మూడు బొట్లు, వెనక రేకు మీద' అని రాసి, నాకు ఒకసారి చదివి వినిపించి మరీ అవ్వ చేత వేలిముద్ర వేయించింది.

తిరుగు రైల్లో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. గుంటూరులో టీ కొనిచ్చాను, వద్దంది. వినుకొండలో మళ్ళీ కొనిచ్చాను, అదీ వద్దంది. రెండు టీలూ నేనే తాగాను. దొనకొండ దాటాక ఉండబట్టలేక, "తప్పయిపాయె అవ్వా" అన్నాను.

"నీకు మతి లేదని ఎవురన్నా నలుగురి ముందర అన్న్యారా అబ్బయ్యా, ఎప్పుడన్నా?"

"లేదవ్వా."

"నన్ను అన్న్యావు. నలుగురి ముందర అని, ఈడ రైల్లో ఒక్కదానికి చెప్తాండావు తప్పయిపాయెనని."

మార్కాపురంలో దిగేటప్పుడు మూట నేను అందుకోబోతే, ఇవ్వకుండా తనే పట్టుకుని దిగింది.

వారానికి డబ్బు అవ్వ ఖాతాలో పడింది. మర్నాడే అవ్వా మనవడూ కొత్త కార్డు కోసం దుకాణానికి వచ్చారు. కుర్రాడి మొహం వెలిగిపోతోంది. గిద్దలూరు వాళ్ళు ఇంకో పది రోజులు ఆగుతామన్నారట. శెట్టి గారు దుకాణం నిండా జనం ఉండటం చూసి గొంతు పెంచారు.

"చూసినారా! కంపెనీవోళ్ళు కుదరదన్నది మా భాయ్ విజయవాడ పోయి సాధించుకొచ్చినాడు. మా భాయ్ పోతే పని కాకుండా వస్తాదా?"

జనమంతా నా వైపు చూశారు. ఒకాయన చేయి కలిపాడు కూడా. అవ్వ స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తోంది. ఊరుకుంటే ఆ ఘనత నాకే ఉండిపోయేది. ఆమె ఎవరికీ చెప్పదని నాకు తెలుసు.

"నేనేం సాధించలేదు సామీ" అన్నాను. "అవ్వ నిజం చెప్పి తెచ్చుకునింది. ఫారంలో నేను అబద్ధం రాయబట్టే మొదట కొట్టేసినారు. ఆమెకు అబద్ధం నేర్పింది నేనే. ఆమె అబద్ధమాడకపోతే, ఆమెకు మతి లేదని ఆడ నలుగురి ముందర అన్నింది గూడా నేనే. ఈడ ఉన్న మాలో మతి ఉండింది ఆమెకొక్కదానికే."

శెట్టి గారి నోరు తెరుచుకునే ఉండిపోయింది. నా గురించి పొగడ్త దొరక్క ఆయన తడబడటం నేను చూసింది ఆ ఒక్కరోజే. కుర్రాడు అవ్వనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. తల ఎత్తలేక బల్ల మీద స్క్రూలు ఏరుతూ నిలబడ్డాను.

ఎదుటి కొట్టు నుంచి అందరికీ టీలు వచ్చాయి. అవ్వ చేయి చాపి ఒక గ్లాసు తీసుకుంది. మెల్లగా ఊదుకుంటూ సగం తాగింది. కొత్త కార్డుకు బిల్లు రాయడానికి శెట్టి గారు పుస్తకం తన ముందుకు లాక్కుంటుంటే, అవ్వ గ్లాసు పక్కనపెట్టి, ఆ పుస్తకాన్ని నా వైపుకు జరిపింది.

"కాయితం నువ్వే రాయి అబ్బయ్యా" అంది.